దిగడానికి చోటు, తాగడానికి నీళ్ళు: ‘కాశీయాత్ర చరిత్ర’లో మనం దాటేసే పేజీలు

ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ గురించి మాట్లాడేవాళ్ళు మామూలుగా రెండు మాటలంటారు. తెలుగులో తొలి యాత్రాగ్రంథాల్లో అదొకటని, 1830 ప్రాంతపు దేశస్థితి అందులో కళ్ళకు కడుతుందని. రెండూ నిజమే. మూడోమాట కూడా ఒకటుంది. పైకి అనడానికి మొహమాటపడతాం గానీ చదివినవాళ్ళకి తెలుసు: అందులో చాలా పేజీలు విసుగు పుట్టిస్తాయి. ఊరి పేరు, నిన్నటి ఊరి నుంచి ఎంత దూరం, దారి ఇసుకా రాయా రేగడా, బావి ఉందా ఏరు ఉందా, అంగళ్ళున్నాయా, దిగడానికి చోటుందా. తర్వాత ఇంకో ఊరు. మళ్ళీ అవే ప్రశ్నలు. కాశీ కోసమో కలకత్తా కోసమో పుస్తకం తెరిచినవాడు ఈ పేజీలు గబగబా తిప్పేస్తాడు. నేనూ చాలాకాలం అలాగే చదివాను. ఈ వ్యాసం మాత్రం ఆ పేజీల గురించే. ఆ పుస్తకంలో అసలు రచన అక్కడే ఉందని నా అభిప్రాయం.

పుస్తకం చూడనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్. సెలవు పెట్టి 1830 మే 18న మద్రాసు నుంచి బయల్దేరాడు. కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ మీదుగా కాశీ వెళ్ళి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని, కోస్తా వెంబడి దిగి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. పదిహేను నెలల పైమాట. వెంట కుటుంబం, వంటవాళ్ళు, బంట్రోతులు, పల్లకీలు మోసే బోయీలు, అంతా కలిపి వందమందికి దగ్గరగా ఉంటారు. దారిలో చూసిందంతా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు రాస్తూ వచ్చాడు. 1836లో వీరాస్వామయ్య పోయాడు. 1838లో శ్రీనివాసపిళ్ళె దాన్ని అచ్చు వేయించాడు. అంటే రాసినాయన తన పుస్తకాన్ని అచ్చులో చూసుకోలేదు. 1869లో ఇంకోసారి అచ్చయింది. మనకు బాగా తెలిసింది దిగవల్లి వేంకటశివరావు గారు 1941లో వేసిన కూర్పు.

ఈ సంవత్సరాల్లో నన్ను ఆపింది 1869. మద్రాసులో రైలు 1856లోనే నడిచింది. జబల్పూరు నుంచి అలహాబాదుకు 1867లో రైలు వచ్చింది. రెండో ముద్రణ చేతికొచ్చేసరికి కాశీ వెళ్ళాలనుకున్న తెలుగువాడు వీరాస్వామయ్య మజిలీలు చూసుకుని నడవాల్సిన అవసరం క్రమంగా తగ్గిపోతోంది. ఏ పేజీలు 1838లో పుస్తకానికి ప్రాణమో, ఒక్క తరంలో అవే బరువయ్యాయి. ఆ తర్వాత మనం దాన్ని చరిత్రగా చదవడం మొదలుపెట్టాం. ఫలానా ఊళ్ళో ధర ఎంత, ఫలానా చోట ఏ కులం వాళ్ళున్నారు, కంపెనీ పాలన ఎలా ఉంది, ఇలాంటివి ఏరుకున్నాం. శివరావు గారి తరానికి ఆ చదువు కావాలి కూడా. కానీ పుస్తకం రాసిన ఉద్దేశం అది కాదు. నా వెనక వచ్చేవాడు ఎక్కడ దిగాలి, ఏ నీళ్ళు తాగాలి? ఆయన కలం పట్టింది ఈ ప్రశ్నతో.

ఈ సంగతి నాకు ఎప్పుడు తట్టిందంటే, మా ఇంట్లో ఒక ప్రయాణం ప్లాన్ అవుతున్నప్పుడు. శాలిబండలో మా ఇంటి నుంచి అనంతగిరి కొండలు సుమారు 80 కిలోమీటర్లు. అక్కడ కొయ్య క్యాబిన్లలో రెండు రాత్రులు ఉండాలని పిల్లల కోరిక. పెద్దాచిన్నా పదిమందిమి. ఫోన్లో ఒక రిసార్టు వాళ్ళ ప్రకటన ముందేసుకుని కూర్చున్నాం. చెట్ల మధ్య క్యాబిన్, చలిమంట, ఈతకొలను, పొద్దున్నే పొగమంచు. ఫొటోలన్నీ చూశాక అమ్మ అడిగింది: “రూములు మంచిగనే ఉన్నయ్ బిడ్డా. ఆడ నీళ్ళెట్ల?” ప్రకటనంతా వెతికాను. ఈతకొలను ఉంది గానీ, అందులోకి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయో లేదు. తాగే నీళ్ళ సంగతి లేదు. ఊటలున్న కొండమీద, ఒక నది పుట్టే చోట ఉన్న విడిది గురించి అంత పొడుగు ప్రకటన, నీళ్ళ ఊసు లేకుండా! అమ్మ ప్రశ్న వీరాస్వామయ్య ప్రశ్నే. అందుకే ఆ వారం పుస్తకం మళ్ళీ తీశాను, ఈసారి దాటేసే పేజీలతో మొదలుపెట్టి.

అలా చదివితే ముందు కనిపించేది ఆయన ఎంత సమంగా చూస్తాడన్నది. గుడీ గోపురం లేని ఊరికి కూడా రెండు వాక్యాలు దక్కుతాయి, అక్కడ మంచి బావి ఉంటే చాలు. పేరున్న క్షేత్రంలో దిగడానికి చోటు లేకపోతే ఆ మాటా రాస్తాడు. పరమభక్తుడే, స్నానం సంకల్పం అన్నీ శ్రద్ధగా చేసేవాడే. అయినా ఏరు కనబడగానే దాని మహిమతో పాటు అది వందమందికి సరిపోతుందో లేదో చూస్తాడు. ఈ రెండు చూపులకీ ఆయన దగ్గర గొడవ లేదు. మన ఇప్పటి రచనల్లో ఉంది. నది గురించి భక్తితో రాసేవాళ్ళు నీళ్ళ గురించి రాయరు. నీళ్ళ గురించి రాసేవాళ్ళు నివేదికలు రాస్తారు.

అహోబిలం నుంచి శ్రీశైలం దాకా ఉన్న భాగం ఇందుకు మంచి ఉదాహరణ. నల్లమల అంచు అది. కొండ కింద ఊటలు, లోపల కొలనులు, వాటిని పట్టుకుని నడిచే దారి. ఆత్మకూరు వైపు నుంచి అడవిలోకి దిగితే ప్రయాణం ఎన్నాళ్ళన్నది నీళ్ళున్న చోట్లను బట్టి తేలుతుంది గానీ మైళ్ళను బట్టి కాదు. ఇది ఇవాళ నల్లమలలో తిరిగినవాళ్ళకి కూడా తెలుసు. సలేశ్వరం జాతర ఎండల్లో, చైత్ర పున్నమికి జరుగుతుంది, ఆ లోయలో నీటిధార అప్పుడు కూడా పడుతుంది కాబట్టి. మల్లెలతీర్థం చూడాలంటే వానలు పడ్డాక వెళ్ళాలి. ఈ రెంటికీ తేడా తెలియకుండా వేసిన ప్లాను ప్లానే కాదు. వీరాస్వామయ్య అడవిలో చెంచుల ప్రస్తావన తెస్తాడు. శ్రీశైలం వెళ్ళే యాత్రికుల దగ్గర కర్నూలు నవాబు మనుషులు వసూలు చేసే సుంకం గురించి ఒళ్ళు మండి రాస్తాడు. దేవుణ్ణి చూడ్డానికి డబ్బులు తీసుకుని దారి బాగుచేయని పాలకుడి మీద ఆయన కోపం ఇప్పటి పార్కింగ్ రసీదులు చూసిన ఎవరికైనా సులభంగా అర్థమవుతుంది.

ఒక చిన్న ముచ్చట. అహోబిలంలో పారే ఏరు పేరు భవనాశి. మా అనంతగిరిలో, అనంతపద్మనాభస్వామి గుడి దిగువన ఉన్న కొలను పేరూ భవనాశే. మూసీ పుట్టింది ఇక్కడేనని చెబుతారు. ముచుకుందుడనే ముని ఈ కొండ గుహలో నిద్రపోయాడని, ఆయన కృష్ణుడి పాదాలు కడిగిన నీళ్ళే ముచుకుందా నది అయ్యాయని స్థలపురాణం. ఆ ముచుకుందే జనం నోట మూసీ. నీళ్ళు ఊరే చోటికి సంసారాన్ని నాశనం చేసేదని పేరు పెట్టినవాళ్ళు, ఆ నీళ్ళు కింద ఎన్ని సంసారాలు నడపాలో చూసుకోలేదనిపిస్తుంది.

వీరాస్వామయ్య హైదరాబాదు చేరింది వానాకాలం మొదట్లో. ఇక్కడి పేజీలు పాతబస్తీ వాళ్ళకి రుచించవు. ఆయుధాలు కట్టుకుని తిరిగే జనం, భయం లేకుండా బతకడం కష్టమైన నగరం. ఇవి ఆయన కంటికి ముందు ఆనతాయి. కంపెనీ కోర్టులో జీతం తీసుకునే మనిషి. కంపెనీ సీమలో కనిపించే క్రమం నిజాం సీమలో లేదని అనడానికి ఆయన ముందే సిద్ధపడి వచ్చాడు. ఈ పక్షపాతాన్ని పక్షపాతమనే అనాలి. కాలం అలాంటిదని సర్దుకుపోవడం నాకు ఇష్టం లేదు. ఎందుకంటే ఇదే మనిషి మజిలీల దగ్గర ఎవరి పాలనలో ఉన్న బావినైనా ఒకే కంటితో చూడగలిగాడు. నీళ్ళ దగ్గర ఉన్న న్యాయం షహరు దగ్గరికి వచ్చేసరికి సడలింది. ఒకే రాతలో రెండు కొలతలు ఎలా ఉంటాయో ఇక్కడ తెలుస్తుంది. నా మటుకు విమర్శకులు ఎక్కువ పట్టించుకోవాల్సింది ఈ అతుకునే.

‘మజిలీ’ అనే మాట చూడండి. అరబ్బీ ‘మంజిల్’ పారశీకం, ఉర్దూల మీదుగా మనకు వచ్చి మజిలీ అయింది. తెలుగులో దాని అర్థం దారిలో ఆగే చోటు, రాత్రి గడిపి పొద్దున్నే వదిలేసేది. మా గల్లీల్లో పాత ఇళ్ళ గుమ్మాల మీద అదే మంజిల్ ఇంటి పేరుగా చెక్కి ఉంటుంది, తరాలపాటు ఉండడానికి కట్టుకున్న ఇల్లన్న అర్థంలో. ఆగిపోయే చోటూ వెళ్ళిపోయే చోటూ ఒకే మాటలో ఉన్నాయి. క్యాబిన్‌కు తెలుగు మాట కావాలంటే నేను కొత్తగా ఏదో కల్పించను, మజిలీ అనే అంటాను. ఎవరూ వాడరనుకోండి.

పాతబస్తీకి ఊరి బయట నీళ్ళ దగ్గర దిగే అలవాటు కొత్తది కాదు. సఫర్ నెల చివరి బుధవారం, ఆఖరీ చహార్‌షంబా రోజు, కుటుంబాలు తోటల్లోకి వెళ్ళి పచ్చగడ్డి మీద నడిచి వస్తాయి. కార్తీకంలో మా వైపువాళ్ళు ఉసిరిచెట్టు వెతుక్కుంటూ వనభోజనాలకు పోతారు. కొత్తూరు దగ్గర జహంగీర్ పీర్ దర్గాకు మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళే కుటుంబాలు దేగులు, బియ్యం, మేక, పరుపులు అన్నీ వేసుకుని బయల్దేరతాయి. అక్కడే వండి, తిని, పంచి, ఎప్పటికో ఇల్లు చేరతాయి. ఇందులో హిందువులూ ఉంటారు, ముస్లిములూ ఉంటారు. ఈ ప్రయాణాలకు ముందు జరిగే సంభాషణ మీరు వినాలి. టెంట్ హౌస్ నుంచి జంఖానాలు ఎన్ని, దేగు ఎంత సైజు, కట్టెలు ఇక్కడి నుంచా అక్కడా, నీళ్ళ డ్రమ్ము ఎవరు పట్టుకొస్తారు, వంట ఆయనకు ఎంత ఇవ్వాలి. వీరాస్వామయ్య మజిలీ పేజీలన్నీ ఈ సంభాషణే. మా పక్కింటి పెద్దాయనకు ఆ పేజీలు చదివి వినిపిస్తే ఒక్కచోట కూడా విసుగు పడకుండా విన్నాడు. “బోయీలకు తిండి ఎవరు పెట్టిండ్రు భాయ్, ఆయననేనా?” అని అడిగాడు.

మంచి ప్రశ్న. పుస్తకం బలం, బలహీనత రెండూ అక్కడున్నాయి. వీరాస్వామయ్య బోయీల సంగతి దాచడు. దారి రేగడైతే వాళ్ళ కాళ్ళు దిగబడతాయని, వానలో పల్లకీ మోయడం కష్టమని ఆయనకు తెలుసు. వాళ్ళకు జబ్బు చేస్తే ప్రయాణం ఆగుతుందని తెలుసు. దారి గురించి ఆయన రాసిన ప్రతి వివరమూ నిజానికి వాళ్ళ కాళ్ళు చెప్పిందే. ఆయన పల్లకీలో ఉన్నాడు, నేల మెత్తనో గట్టిదో తెలిసింది మోసేవాళ్ళకి. అయినా అంత పుస్తకం మూసేశాక నాకు ఒక్క బోయీ ముఖం కూడా గుర్తుండదు. వాళ్ళు ఒక గుంపుగానే నడుస్తారు, గుంపుగానే అలసిపోతారు. శ్రీనివాసపిళ్ళె ముఖం, ఒక్కసారి కూడా దారిలో కనబడని మనిషి ముఖం, మనకు తెలిసిపోతుంది. అయినా సరే, ఇవాళ్టి విహార రచనల్లో ఆ గుంపు కూడా లేదు. చలిమంట దానంతటదే వెలుగుతుంది. పరుపు దానంతటదే పరుచుకుంటుంది. ‘ప్రకృతి ఒడిలో సేద తీరాం’ అనే వాక్యం ఎన్ని వ్యాసాల్లో చదివుంటానో! ఆ ఒడిలో ఎవరు ఊడ్చారో, ఎవరు బిందె మోశారో ఒక్క వ్యాసంలోనూ కనబడలేదు. వీరాస్వామయ్య తన సుఖం ఎంత ఖర్చయిందో లెక్క కట్టి చెప్పే మనిషి. ఆ లెక్కలో మనుషులు అంకెలుగా మిగిలారన్నది మన ఫిర్యాదు. ఇప్పటివాళ్ళ దగ్గర ఫిర్యాదు చేయడానికి లెక్కే లేదు.

తెలుగులో ఇప్పుడు మంచి యాత్రారచన లేదని నేననడం లేదు. పరవస్తు లోకేశ్వర్ పాతబస్తీ గురించి ‘సలాం హైదరాబాద్’ నవల రాశారు, స్కూటర్ మీద ఛత్తీస్‌గఢ్ వెళ్ళి యాత్రాకథనమూ రాశారు. స్కూటర్ మీద వెళ్ళేవాడికి రోడ్డు ఎలా ఉందన్నది తప్పించుకోలేని విషయం. మాచవరపు ఆదినారాయణ కాలినడకన తిరిగి రాస్తారు. వాహనం తగ్గినకొద్దీ వివరం పెరుగుతుందని ఒక సూత్రం చేయొచ్చేమో. నేను విసుక్కునేది వీళ్ళ మీద కాదు. రెండు రోజులు ఎక్కడికో వెళ్ళి, నీళ్ళ రంగు చెప్పి, నీళ్ళ దారి చెప్పకుండా ముగించే రాతల మీద.

అనంతగిరి విషయంలో ఆ దారి మరీ ముఖ్యం. ఆ కొండమీద నీళ్ళు దిగి గండిపేటకు వస్తాయి. అక్కడ 1920లో ఉస్మాన్‌సాగర్ కట్టారు. పక్కన ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. రెండూ 1908 సెప్టెంబరు 28 నాటి వరద తర్వాత, అలాంటిది మళ్ళీ రాకూడదని కట్టినవి. ఆ వరదలో చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారని చెబుతారు, ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాదు వదిలి పోలేడని సామెత. లంగర్‌హౌజ్ దగ్గర మూసీ ఈసీ కలుస్తాయి. అక్కడి నుంచి పురానాపూల్, నయాపూల్, చాదర్‌ఘాట్. ఆ వంతెనల మీద బస్సు వెళ్ళేటప్పుడు జనం ముక్కు మూసుకుంటారు. పైన భవనాశి, కింద ఇది. మధ్యలో మేమే ఉన్నాం. 2024లో మూసీ సుందరీకరణ పేరుతో నదీగర్భంలో ఉన్నాయన్న ఇళ్ళ గోడల మీద ఎర్రరంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాశారు. చాదర్‌ఘాట్ వైపు గల్లీల్లో కొన్ని ఇళ్ళు కూల్చారు, కొందరిని డబుల్ బెడ్‌రూం ఇళ్ళకు పంపారు. ఒడ్డున నడకదారులు, విడిదులు వస్తాయని అంటున్నారు. నది శుభ్రం కావద్దని ఎవరంటారు? కానీ నది పక్కన ఒక రాత్రి దిగేవాడికి చోటు చూసే ప్లానులో, అక్కడే యాభై ఏళ్ళుగా దిగి ఉన్నవాడి చోటు ఎక్కడుందో కూడా రాసి ఉండాలి కదా. వీరాస్వామయ్య ఒక ఊళ్ళో దిగితే అక్కడ ఎవరుంటున్నారో ముందు రాస్తాడు. నీళ్ళు ఎవరి బావిలోవో రాస్తాడు. ఈ రెండు వాక్యాలు ఏ ప్రాజెక్టు కాగితంలోనైనా ఉండొచ్చు, ఏ విహార వ్యాసంలోనైనా ఉండొచ్చు.

అనంతగిరి దాకా ఆయన వెళ్ళలేదు. హైదరాబాదు నుంచి ఉత్తరానికి, నిర్మల్ వైపు తిరిగాడు. వెళ్ళి ఉంటే, రోజుకు పది మైళ్ళ చొప్పున వేసుకున్నా ఐదు మజిలీలు. ఆ ఐదు ఊళ్ళలో బావులెలా ఉండేవో మనకు తెలిసేది. మేం రెండు గంటల్లో చేరతాం, దారిలో ఒక్క బావి కూడా చూడం. వికారాబాద్ రోడ్డు మీద టోల్, టీ, అంతే.

ఇక పుస్తకం ఎలా చదవాలన్న మాట. సంక్షిప్తాలు, వాడుకభాషలోకి మార్చినవి చేతికి సులభంగా దొరుకుతాయి, మొదటిసారికి పనికొస్తాయి కూడా. కానీ సంక్షిప్తం చేసేటప్పుడు కత్తెర ముందు పడేది మజిలీల మీదే. పాత వాక్యం కొంచెం కష్టమైనా శివరావు గారి కూర్పు పట్టుకోండి. ఒక రోజు ప్రయాణమంతా ఒకే వాక్యంలో సాగిపోతుంది, ‘గనుక’లూ ‘అయినప్పటికీ’లూ దాటుకుంటూ. గట్టిగా పైకి చదివితే ఆ నడక అందుతుంది, కళ్ళతో చదివితే అందదు. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టక్కర్లేదు. కడప దగ్గర మొదలుపెట్టి హైదరాబాదు దాకా చదవండి. పక్కన ఒక మ్యాపు పెట్టుకోండి. ఆత్మకూరుకీ హైదరాబాదుకీ మధ్య ఆయన కృష్ణ దాటిన ప్రాంతంలో మ్యాపు మీద వేలు పెడితే, ఇప్పుడు అక్కడ శ్రీశైలం రిజర్వాయరు నీళ్ళు పరుచుకుని కనిపిస్తాయి.